పడవ సందుల్లో నూలు

తంగళ్ళపల్లి పక్కన మానేరు ఒడ్డున చిన్న చెక్క పడవను బోర్లించి తమ్ముడు అడుగున పట్టిన పాచి గీకుతున్నాడు. సాంచాల షెడ్డులో మరమగ్గం నడిపే అక్క గుడ్డపీలికల మూటతో వచ్చింది.

"ఇగో, పలకల సందులల్ల కుక్కు."

"గిది పాలిస్టర్ అక్కా. నీళ్ళకు ఉబ్బది, సందు మూసుకోదు. నాయిన నూలు పీలికలే డాంబర్ల ముంచి కుక్కేటోడు."

"మా షెడ్డుల నూలు నేసుడు ఎప్పుడో బందయింది."

"పడవ రోజూ నీళ్ళల్లనే ఉండాలె. సందులు గిట్లనే ఉంటే పలకలు మురిగిపోతయి."

"ఇంట్ల అమ్మది నూలు చీర ఉన్నది."

"అమ్మ పోయినంక నువ్వు దాసుకున్నదా? వద్దక్కా."

"పెట్టెల పెట్టి ఏం జేస్త? పురుగులు కొడుతున్నయి."

"గా చీర కొంగుల సద్ది మూట కట్టి తెచ్చేది."

"తెచ్చి ఒడ్డు మీదనే కూసునేది. నాయిన ఎంత పిలిచినా ఒక్కనాడు పడవ ఎక్కలే."

"మరి తెస్తవా?"

"తెస్త. నేనే చింపి ఇస్త. రేపు పడవను నీళ్ళల్లకు మెల్లగ దింపు తమ్మీ. అమ్మకు భయం."