తపస్సు మాను ఎక్కిన యేడు

“అవ్వా, తిరపతిలో మూడు దినాల క్లాసు పెడతా ఉండారంట. ఆధ్యాత్మిక యోధులుగా బతికేది ఎట్లని నేర్పిస్తారంట. నన్ను పొమ్మంటావా?”

ఏంది అమ్మణ్ణీ, ఇంకోసారి సెప్పు. ఆధ్యాత్మిక... యోధుడా? ఓ. యోధుడంటే యుద్ధం సేసేవాడే గదా. దానికీ క్లాసు పెట్టేసినారా. పోతే పో, నేనేం వద్దనను. మూడు దినాల్లో వచ్చే విద్య అయితే మంచిదే. నాకు తెలిసిన యోధుడు ఒకడే, అర్జునుడు. పుస్తకంలో అర్జునుడు కాదు, మా ఆయన. మీ పెద్దతాత. పేరు నేను సెప్పను, నీకు తెలుసు గదా. నవ్వకు మే, నిజంగానే అర్జునుడు. మా ఊరి భారతంలో ఆ వేషం ఆయనదే.

భారతం అంటే నీకు టీవీలోదే తెలుసు. మా పక్క, చిత్తూరికి దక్షిణంగా, అరవదేశాన్ని ఆనుకోని ఉండే ఊర్లల్లో ద్రౌపదమ్మ గుడి ఉంటాది. ఎండాకాలంలో పద్దెనిమిది దినాలు ఆడ భారతం జరుగుతాది. అయ్యవారు కథ సదువుతాడు, ఊరోళ్ళు వేషాలు కడతారు, ఆఖరి దినం నిప్పులగుండం తొక్కుతారు. వేషం కట్టేవాళ్ళకు మొదటి దినమే సేతికి కంకణం కడతారు. అది కట్టినాక ఇల్లు లేదు, పెండ్లాం లేదు. గుడి తావనే పడుకోవల్ల, ఒక పూట తినల్ల. ఎవరి మీదా కోపం పడకూడదు. ఇంట్లో మనిషి సచ్చిపోయినా మైల అంటకూడదు, పోయి సూడకూడదు. అంటే ఆ దినాలన్నీ ఆ మనిషి ఎవరికీ ఏమీ కాడు, అట్ల.

ఇది యుద్ధం నడస్తా ఉండిన కాలం. జర్మనీవాడో జపానువాడో, మాకేం తెలుసు. మాకు తెలిసిందల్లా గుడ్డ దొరకదని. కంట్రోలు గుడ్డ కోసరం చిత్తూరు దాకా నడిసిపోయి వరసలో నిలబడల్ల. కిరసనాయిలూ అంతే. ఇప్పుడు మీ అమ్మ బీరువా తలుపు తీస్తే కోకలు మీద పడతాయి. సరే, యాడుండా నేను? ఆ, భారతం.

నాకు అప్పటికి పెండ్లయి నాలుగేండ్లో, కాదు, ఐదేండ్లు. కడుపు పండలేదు. మా అత్త మంచిదే, మాట కరుకు. నాకు సంగటి పెడతానే మొకం మీద సెప్పేసింది. “ఈ యేడు భారతంలో వరపడు. వచ్చే భారతానికి నీ సంకలో బిడ్డ లేకపోతే వానికి మా అన్న కూతుర్ని సేస్తా” అనింది. నేను ఆ సంగటి ముద్ద ఎట్ల మింగినానో నాకే తెలుసు.

వరపడేది అంటే ఏందంటే, అర్జునుడు శివుని కోసరం తపస్సు సేసే దినం ఒకటి ఉంటాది. గుడి ముందర ఎత్తు మాను నాటుతారు. దానికి మెట్ల మాదిరి కొయ్యలు కొట్టి, పైన కూర్చునేకి మంచె కడతారు. అర్జునుడు మెట్టుకొక పాట పాడుకుంటా పైకెక్కుతాడు. ఎక్కి విభూదీ నిమ్మకాయలూ కిందికి ఏస్తాడు. బిడ్డలు లేని ఆడోళ్ళు తలకు పోసుకోని, తడి కోకతోనే మాను సుట్టూ బోర్లా పడుకుంటారు, సేతులు ముందుకు సాపి. ఎవరి సేతిలో నిమ్మకాయ పడితే వాళ్ళకు బిడ్డ పుడతాదని. మేమంతా నమ్మినామా అంటే, నమ్మినాం. ఇంకేం సేస్తాం.

నాకైతే లోపల ధైర్యం. ఎందుకంటావా, పైన ఉండేది ఎవరు, నా మొగుడే గదా. ఇంకెవరి సేతికి పడకపోయినా నా సేతికి పడతాది. నా జాగాలో ఎవరుండినా అదే అనుకుంటారు.

అయితే మా అత్తకు ఉబ్బసం. ఆ దినం తెల్లారినప్పటి నుంచే ఎక్కువైపోయింది, గుక్క తిరగదు. నేను పోనని ఆమె తావ కూర్చుంటే కసురుకునింది. “నా మొకం సూస్తా కూర్చుంటే నీకు బిడ్డ పుడతాదా? లేసిపో” అనింది. మా ఆడబిడ్డనీ, మా మరిదినీ, అంటే మీ సొంత తాతనీ, పిలిసి ఒకటే సెప్పింది. “నాకేమన్నా అయితే వాడు మాను దిగేదాకా వానికి తెలీనీయొద్దండి.” మిట్టమధ్యాన్నం నేను తడి కోకతో పోయి పడుకున్నాను, ఆడ ఇంట్లో ఆమె పోయింది. నాకప్పుడు ఏమీ తెలీదు.

ఊరి పెద్దమనుషులు మాట అనుకున్నారంట. ఎవరూ నోరు తెరిసి ఏడవకూడదు, తప్పెట కొట్టకూడదు అని. మా ఆడబిడ్డ కొంగు నోట్లో కుక్కుకోని కూర్చునిందంట పాపం. వీధిలో కుక్కను కూడా అరవనీలేదంట. అంత తెలివిగా సేసినోళ్ళు ఒకటి మరిసిపోయినారు. మానెక్కిన మనిషికి ఊరంతా కనపడతాది గదా. మా ఇల్లు గుడికి పడమట, రెండు వీధుల అవతల. వాకిట్లో ఆమెను పండబెట్టినారు. మా మరిది పాడెకని పచ్చి కొబ్బరి మట్టలు కొడతా ఉండాడు. సెవికి పడకుండా దాసినారు గానీ, కంటికి పడతాదని ఎవరికీ తట్టలేదు.

నేను బోర్లా పడుకోనుండా. నేల తప్ప ఏమీ కనపడదు. పాట వినపడతా ఉండాది, వినపడతా ఉండాది, ఉన్నట్టుండి నిలిసిపోయింది. కింద నుంచి అయ్యవారు పాట అందించినాడు. పైన సద్దు లేదు. మళ్ళీ అందించినాడు. జనం గుసగుసలాడతా ఉండారు. ఎండకు గొంతు ఆరిపోయిందేమో అనుకున్నా నేను. రొంతసేపటికి మళ్ళీ ఎత్తుకున్నాడు. గొంతు మారలేదు మే, అదే గొంతు. మిగిలిన పాటలన్నీ పాడినాడు, ఒక్కటి కూడా ఎగరగొట్టలేదు.

తర్వాత వీపు మీద విభూది పడింది. నిమ్మకాయలు పడతా ఉండాయి, దబ్ దబ్ అని. ఒకటి నా మోసేతికి తగిలి పక్కకు దొర్లి, పక్కన పడుకున్నామె సేతిలోకి పోయింది. ఎవరో పక్కూరామె. దాన్ని గుండెకు అదుముకోని ఏడిసింది. నేను ఉత్త సేతులతో లేసినా.

ఆయన దిగినాడు. పెద్దమనుషులు దగ్గరికి పోయి నీళ్ళు నమలతా ఉంటే, “సూసినా” అన్నాడు. అంతే. ఇంటికి రాలేదు. పాడె పోయే వీధి మొగదల్లో నిలబడినాడు, మొగానికి రంగు, నెత్తిన జటలు. నిప్పుకుండ మా మరిది ఎత్తుకున్నాడు. ఆయన కంట్లో సుక్క నీరు లేదు. నాకు బయమేసింది, నిజం సెప్తా ఉండా. ఇట్లాంటి రాతి మనిషితోనా నేను కాపురం సేసేది అనుకున్నా.

ఆఖరి దినం గుండం కూడా తొక్కినాడు. ఇంక ఊరోళ్ళు ఆయన్ను దేవుణ్ణి సేసేసినారు. పసిబిడ్డల్ని తెచ్చి కాళ్ళ కాడ పండబెట్టేది, మొక్కేది. ఆయనకు అది సరిపడలేదు. కంకణం ఇప్పి ఇంటికి వచ్చినాక నాతో సెప్పినాడు. “నేను గట్టోణ్ణని నిలిసినానా? దిగేద్దామని కింది మెట్టు మీద కాలు కూడా పెట్టినా. కిందికి సూస్తే అంతమంది ఆడోళ్ళు పడుకోనుండారు. మా అమ్మకింక నాతో పని లేదు, వాళ్ళకు ఉండాది. అందుకని ఆగిపోయినా, ఇంకేం లేదు.” ఆ మాట సెప్పి అప్పుడు ఏడిసినాడు. సిన్నబిడ్డ మాదిరి ఏడిసినాడు. నేనూ ఏడిసినా.

మరుసటి భారతం వచ్చింది, నాకు బిడ్డ లేదు. మా ఆడబిడ్డా, మా అత్త పుట్టింటోళ్ళూ వచ్చి తిన్నె మీద కూర్చున్నారు. అమ్మ ఆఖరి కోరిక, మేనమామ కూతుర్ని సేసుకో అని. నేను తలుపెనకాల నిలబడుకోనుండా. ఆయన మోకు పేనతా ఉండాడు. తల ఎత్తకుండానే అన్నాడు. “మా అమ్మ పోతే కూడా నేను మాను దిగలేదు. ఇప్పుడు దిగమంటారా?” వచ్చినోళ్ళు మజ్జిగ తాగి లేసిపోయినారు.

అది బాగానే ఉండాది. అయితే నా కడుపులో ఇంకోటి ఉండిపోయింది, ఆ నిమ్మకాయ. ఏండ్లు గడిసిపోయినాయి. మా మరిదికి మీ నాయన పుట్టినాడు. మీ నాయన్ని సాకింది నేనే గదా, కొరత లేదు, నిజంగా లేదు. అయినా ఒక దినం సెనక్కాయలు వొలుస్తా వొలుస్తా అడిగేసినా. “ఆ దినం పైనుంచి నేను కనపడలేదా నీకు?” అని.

“కనపడినావు” అన్నాడు.

“మరి నా సేతికి ఏసేకేమి? అర్జునుడివే గదా, ఆ మాత్రం గురి లేదా?”

కాయ వొలిసేది ఆపలేదు ఆయన. “నువ్వు యాడుండావో తెలిసినాక కండ్లు మూసుకోని ఏసినా” అన్నాడు. “సూసి ఏసేదయితే కింద నిలబడే ఏసుండొచ్చు గదా. మానెందుకు ఎక్కేది.”

అదీ సంగతి. యోధుడు అంటే ఇదేనా అని ఆ క్లాసులో వాళ్ళను అడుగు, నాకు తెలీదు. గొప్పోడే, నేను కాదన్లేదు. ఆ కండ్లు మూసుకునేకి ఎంత కష్టపడినాడో నాకు తెలుసు, నేనయితే తెరిసి, వంగి మరీ ఏసుందును. కానీ నా కోపం పోలేదు మే. ఆయన పోయి ఇన్నేండ్లయింది, ఇప్పటికీ పోలేదు. ఒక్క నిమ్మకాయ, ఒక్కటంటే ఒక్కటి ఏసుంటే ఏం పోయేది అని...

సరేలే. పోయిరా తల్లీ, మజ్జిగన్నం కట్టుకోని పో. నూరేండ్లు సల్లగా ఉండు. నీకు మాత్రం ఆ తిరపతి స్వామి కండ్లు తెరిసి, సూసి సూసి ఇయ్యల్ల.