గంగమ్మతోని నా కయ్యం

"పెద్దవ్వా, సముద్రం కాడికి పోయొచ్చినంక నువ్వు మంచిగైనవట గదా? అమ్మ చెప్పింది. గదేందో చెప్పరాదు."

మీ అమ్మ నోట్లె నువ్వుగింజ నానదు బిడ్డా. చెప్తగని నవ్వద్దు. నవ్వితివా, ఆడికే ఆపుత. గిట్ల కూసో, గీ చిక్కుడుకాయలకు ఈనెలు తియ్యి. చేతిల పని లేకపోతె నాకు మాట రాదు. నలుగుట్ల మాట్లాడాల్నంటె చిన్నప్పటి సంది సిగ్గే నాకు. ఐదో తరగతిల సారు లేచి పాఠం సదువుమంటె బెంచి కిందికి దూరిన. గంతే, గాడికే బందయింది నా సదువు. ఆఁ, ఏం చెప్తున్న... నిద్ర. నిద్ర సంగతి.

నాకు నిద్ర లేకుండె. ఒకనాడు రెండ్నాళ్లు గాదు, ఏండ్లు. మీ పెద్దబాపు బెల్లంపల్లిల బొగ్గుబాయిల పనిజేసిండు గదా. ఆయన బాయిల దిగిండంటె నాకు కన్ను మూతపడకపోవు. ఏళగాని ఏళల సైరన్ మోగిందా, ఇగ చూస్కో, వాడకట్టు ఆడోళ్లమంత చెప్పులు లేకుండ బాయి దిక్కు ఉరికేది. అందరు ఏడుస్తుంటె నాకు ఏడుపు గూడ రాకపోవు, సిగ్గు. ఆయన పైకొచ్చి, మొఖమంత నల్లగ, పండ్లే కనబడుకుంట, "బువ్వ వండినవా?" అనేటోడు. వడ్డించేదాన్ని. గంతే. భయమైందని ఆయన అనలే, నేనూ అనలే.

మల్ల రిటైరయిండు. హుజూరాబాద్ దిక్కు గీ ఊర్లె ఇల్లు గట్టుకున్నం. ఇప్పుడన్న పండాలె గదా? ఆయన పక్కకే పండి ఇల్లెగిరిపోయేటట్టు గుర్రు పెట్టవట్టె. నేను మీద తిరిగే ఫ్యానును చూసుడు. ఆయనైతె పైకొచ్చిండు గని, నా పానం ఇంక బాయి మీదనే నిలబడ్డది బిడ్డా. పొద్దుందాక గుండె దడ. పొయ్యి మీద పాలు పెట్టి మర్సుడు, చారుల చింతపండు రెండుమాట్ల పిసుకుడు.

కరీంనగర్ల డాక్టరమ్మ అన్ని పరీక్షలు జేసింది. "నీకేం రోగం లేదమ్మా. జర సముద్రం కాడికి పో. ఇసుకల నడువు, గాలి పీల్చు, మనసు తేలికైతది" అన్నది. మీ పెద్దబాపు చీటీని అటు తిప్పి ఇటు తిప్పి, "గా సముద్రం పొద్దుగాల్లనా, తిన్నంకనా?" అని అడిగిండు. డాక్టరమ్మ నవ్వింది. నేను సిగ్గుతోని సచ్చిన.

మా ఆడిబిడ్డ రాజవ్వ ఎరికే గదా నీకు, నోరంటె నోరు! "గాలి కోసం రైలెక్కేటోళ్లను మిమ్ములనే చూసిన. మన మిద్దె మీద గాలి లేదా?" అన్నది. అన్నది గని, పోయేనాడు అందరికన్న ముంగట సంచి సదురుకొని అరుగు మీద కూసున్నదీ ఆమెనే.

రైల్ల పోయి బాపట్ల కాడ దిగినం. ఆడికెల్లి ఆటో. అబ్బ, ఏం జెప్పాలె! ధర్మపురిల గోదారిని ఎన్నిమాట్లో చూసిన, అవుతలి గడ్డ కనబడతది. గిక్కడ అవుతలి గడ్డనే లేదు. మీ పెద్దబాపు కండ్ల మీద చెయ్యి వెట్టుకొని చూసి, "గింత జాగ ఖాళీగ ఇడిసిండ్రేందే?" అన్నడు. బాయిల దిగిన మనిషి గదా, గంత వెలుగు చూసెటాలకు పరేషానయిండు.

సముద్రమైనా గంగమ్మనే గదా, మనం గంగ కాడికి ఉత్తచేతుల పోతమా? పసుపు, కుంకుమ, రైకగుడ్డ, కొబ్బరికాయ ఇంటికెల్లే మోసుకపోయిన. ముందుగాల తీర్థమని దోసిట్ల నీళ్లు పట్టి గటగట తాగిన. ఉప్పు! తుపుక్కున ఉమ్మేసి, గంగమ్మ మీద ఉమ్మిన్నని చెంపలేసుకున్న. మల్ల అన్ని నీళ్లల్ల పెట్టి, "తల్లీ, నాకింత నిద్రనియ్యి, ఇంకేం వద్దు" అని మొక్కి ఇడిసిన.

గోదారైతె ఏం జేస్తది? తీస్కొని పోతది. గీమె ఏం జేసింది? పెద్ద అలొచ్చి, కొబ్బరికాయను తెచ్చి నా కాళ్ల మీదనే పెట్టి పోయింది. రైకగుడ్డైతె పోయి పోయి మీ పెద్దబాపు మోకాలికి సుట్టుకున్నది.

మల్లిడిసిన. మల్ల తెచ్చింది. జర లోపటికి పోయి ఇసిరిన. ఉరుక్కుంట వచ్చింది కాయ, ఇంటికాడి కుక్కపిల్ల లెక్క.

రాజవ్వ మూతి తిప్పింది. "చూసినవా? నీ మొక్కు ఒప్పుకుంటలేదు. గంత పుల్లటి చారు వోసేదానికి గంగమ్మ వరమిస్తదా?"

నవ్వుతున్నవా? నీకు నవ్వులాటున్నది గని, నాకైతె గుండె జారింది. దేవుళ్లయిండ్రు, డాక్టర్లయిండ్రు, ఇగ గీమె గూడ వద్దంటె నాకు సచ్చేదాక నిద్ర లేనట్టే గదా? అడగంగ అడగంగ ఒక్కటడిగిన. ఏమయిందో ఏమో బిడ్డా, గా కాయ మల్ల వచ్చి మడిమెకు తాకంగనే నాకు కోపమొచ్చింది. నాకు! మా అత్త బతికున్నప్పుడు గూడ ఎదురు మాట్లాడనిదాన్ని, కొంగు నడుముకు చెక్కి, సముద్రం మీదికి లేసిన.

"ఎందుకు తీస్కోవే? నీ సొమ్మేం పోయింది? ఒక్క కునుకడిగిన, మేడలడిగిన్నా?" అన్న. ఆమె గూడ ఊకుంటదా, భుర్రున మీదికొచ్చింది. నేను ఇంక గట్టిగ ఒర్రిన. రాజవ్వ చారు మీద పెట్టిన వంకలు, పక్కింటి కోళ్లు మన మిరప నారంత కెలికిన సంగతి, అన్నొచ్చినయి. గవన్ని అయిపోయినంక ఎక్కడ్నో అడుగున ఉన్నది ఎల్లింది. "నా మనిషి బాయిల దిగినప్పుడల్ల నేను పైన సచ్చి బతికిన. ఒక్కనాడు ఒక్కలకు చెప్పలే. ఎవ్వలడగలే!" అని మొత్తుకున్న. గా మోతల నా ఏడుపు నాకే ఇనరాలే. గందుకే సిగ్గనిపియ్యలే గావచ్చు.

మల్ల ఇసుకల కూసున్న. కూసున్న మనిషిని ఒరిగిన. గంతే ఎరుక నాకు.

పండిన బిడ్డా! పట్టపగలు, తడిసిన చీరతోని, గంతమంది నడుమ! రాజవ్వ ముక్కు కాడ ఏలు పెట్టి చూసి, "వదినె పోయింది రో!" అని శోకం అందుకున్నదట. మీ పెద్దబాపు కసిరిండట, "నోర్ముయ్యి, పండనియ్యి" అని.

నేను కండ్లు తెరిచెటాలకు పొద్దు అటు మొగ్గింది. ఆయన రెండు చేతులతోని తువ్వాల చాపి, నా మొఖం మీద ఎండ పడకుండ నిలబడ్డడు. చుట్టు పోరగాండ్లు చూసి నవ్వుతుండ్రు. రాజవ్వ పక్కకే కూసొని గంగమ్మ ప్రసాదమని గా కొబ్బరికాయను పలగ్గొట్టి నములుతున్నది.

"చేతులు గుంజుతలేవా?" అన్న ఆయనను.

"నువ్వు బాయి మీద నిలబడ్డదాని ముందల గిదేపాటి?" అన్నడు.

ఇన్నడు బిడ్డా. గంత మోతల, అన్ని ఇన్నడు.

ఇగ అప్పటి సంది పండుతున్న. రోజు పండుతనని అబద్ధం చెప్ప. నిద్ర రాకపోతె, "నాకు భయమైతుంది" అని ఆయనను లేపుత. ఇసుక్కుంట లేస్తడు గని లేస్తడు.

నువ్వు గూడ సముద్రం కాడికి పోయిరా, మంచిది. పొద్దుగాల నడువు, కాళ్లు తడుపుకో. ఉత్త ఫోటోలే దిగకు... ఆగు, నీ కండ్ల కింద గా నలుపేందే? వచ్చిన కాడికెల్లి చూస్తున్న, ఒలిచిన కాయనే ఒలుస్తున్నవు.

చెప్పు. నేను నీ మొఖం దిక్కు చూడ, చిక్కుడుకాయల దిక్కే చూస్త. ఇంకా బుట్టెడున్నయి. నిమ్మలంగ చెప్పు, నా తల్లి. చల్లగుండాలె నువ్వు, కంటినిండ నిద్ర రావాలె... ఊఁ?