కొత్తేటి కండ్రిగ బడిలో నారాయణి గారి ఆఖరి డిసెంబరు

శ్రీమతి నారాయణి గారు 1989వ సంవత్సరం నవంబరు నెల 13వ తేదీ సోమవారం ఉదయం, బంగారుపాళ్యం దగ్గర మామిడి తోపుల నడుమ ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరి, ముప్పై ఆరు సంవత్సరాలకు పైబడిన సేవ అనంతరం, ఈ డిసెంబరు 31వ తేదీన పదవీ విరమణ చేయనున్నారు.

ఈ అభినందన సంచికకు సహోద్యోగి ఒకరు వ్యాసం రాయాలని మండల ఉపాధ్యాయ సంఘం వారు కోరారు. నగరి మండలంలోని మా కొత్తేటి కండ్రిగ బడి ఏకోపాధ్యాయ పాఠశాల. పాఠం చెప్పేవారు నారాయణి గారు. మధ్యాహ్నం పిల్లలకు అన్నం వండేవాళ్లం నేనూ, నా భార్య నాగులమ్మా. ఇక్కడ వేరే ఉద్యోగులు లేరు కాబట్టి ఈ వ్యాసం నేను రాస్తున్నాను. నా చదువు మూడో తరగతి. తప్పులను నారాయణి గారి కుమార్తె వేదశ్రీ గారు సరిచేసి ఇచ్చారు. చెప్పిన సంగతులు మాత్రం నావే.

నారాయణి గారు తిరుపతిలో, తరతరాలుగా దేవాలయ సేవలో ఉన్న వైష్ణవ కుటుంబంలో జన్మించారు. వారి తండ్రి గారు గుడి వంటశాలలో పనిచేశారు. భర్త రంగరాజు గారు దేవస్థానం కార్యాలయంలో గుమాస్తాగా చేసి విశ్రాంతి తీసుకున్నారు. పుత్తూరులో కాపురం పెట్టిన ఆ దంపతులు, ఆయన రైలెక్కి తిరుపతి వైపు, ఆవిడ బస్సెక్కి బడి వైపు, ప్రతి ఉదయం చెరో దిక్కుకు పోయి సాయంత్రం ఒకే గడప చేరే జీవితం గడిపారు.

బంగారుపాళ్యం వైపు పనిచేసిన కాలంలో మామిడి కాయలు దిగే రోజులకు బడి ఖాళీ అయ్యేదట. పిల్లలు తల్లిదండ్రులతో తోపుల్లోకీ, గుజ్జు ఫ్యాక్టరీల్లోకీ పోయేవారు. నారాయణి గారు ఊరుకోక, చెట్టు చెట్టుకూ తిరిగి పిల్లలను పిలుచుకొచ్చేవారు. "టీచరమ్మ వస్తా ఉండాది, పిల్లోళ్లను బుట్టల కింద దాయండ్రా" అని తోపుల వాళ్లు నవ్వుకునేవారని రంగరాజు గారు చెబుతారు. ఆ తరువాత పుత్తూరు చుట్టుపక్కల కొన్ని బడుల్లో చేసి, 2017వ సంవత్సరం జూన్ నెలలో మా కండ్రిగకు వచ్చారు.

వారు ఎక్కడ పనిచేసినా డిసెంబరు నెలకు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఉదయం పాఠాలు, అన్నాల తరువాత చేతిపనులు. మా కండ్రిగలో ఇంటింటికీ మరమగ్గం ఉంది కాబట్టి తెగిన నూలుకు కొదువ లేదు. ఆ నూలు, వెదురు బద్దలు, రంగు కాగితాలు కలిపి పిల్లల చేత క్రిస్మస్ చుక్కలు, గొబ్బెమ్మల మీదకు కాగితపు పూలు, ముక్కోటి ఏకాదశికి తోరణాలు చేయించేవారు. ఎవరి పండుగకు కావలసినవి వారి పిల్లలు మాత్రమే చేయాలనే నియమం లేదు. అందరూ అన్నీ చేసేవారు. చేసినవి ఇంటి ముందర కట్టుకునేవారు. డిసెంబరులో కండ్రిగ వీధిన పోయేవాళ్లకు ఏ ఇంట్లో బడి పిల్లలున్నారో ఆ గడప చూస్తేనే తెలిసేది.

కండ్రిగకు వచ్చిన మొదటి డిసెంబరులో జరిగిన ఒక విషయం ఇక్కడ రాయాలి. నారాయణి గారి అత్తగారు వరదమ్మ గారికి అప్పటికి ఎనభై దాటింది. ఆచారం గట్టిగా పాటించే మనిషి. కోడలు బడిలో ఏం చేస్తోందో ఎవరి ద్వారానో విని, ఒక శనివారం కొడుకును వెంటబెట్టుకొని బస్సులో వచ్చేశారు. వస్తూనే గుమ్మంలో నిలబడి అడిగారు.

"ఏమే నారాయణీ, ఇంట్లో ధనుర్మాసం పొంగలి నేను కలబెట్టుకుంటా ఉంటే, నువ్వు ఈడ క్రిస్మస్ చుక్కలు కట్టుకుంటా కూర్చున్నావా?"

"పొంగలి మీరు కలబెడితేనే రుచి అత్తమ్మా. అందుకే మీకు వదిలేసి వచ్చినా" అన్నారు నారాయణి గారు, తల ఎత్తకుండా.

వరదమ్మ గారు ఇంకేదో అనబోయి ఆగారు. కాలనీలో ఉండే జెస్సీ అనే ఆమె కూతురు తన చుక్క కొసకు నూలు ముడి వేస్తోంది. ఆ ముడి మీద ముసలావిడ కన్ను పడింది.

"ఇది ముడేనా? గాలొస్తే నీ చుక్క నేల మీద ఉంటాది. ఇట్టా తే."

ఆవిడది పెళ్లయిన నాటి నుంచి గుడికి అరటి నారతో పూలమాలలు కట్టిన చేయి. ఆ రోజు చీకటి పడేదాకా కూర్చొని పిల్లలందరికీ మాల ముడి నేర్పారు. ఆ తరువాత ప్రతి డిసెంబరులోనూ తిట్టుకుంటూ వచ్చేవారు, నేర్పి పోయేవారు. కాలం చేసే వరకు మానలేదు. "మా ఇంటి రేకులు ఎగిరిపోయినాయి గానీ వరదమ్మవ్వ ముడి ఊడలేదు" అని ఒక గాలివాన తరువాత జెస్సీ అన్నది నిజమే.

ఇంతవరకు రాసింది ఏ అభినందన సంచికలోనైనా ఉండదగినది. ఇక మీదట రాసేది ఈ సంవత్సరం సంగతి. ఇది రాయకుండా ఆవిడను అభినందించే దారి నాకు కనబడలేదు.

గత జూన్‌లో మండల విద్యాశాఖాధికారి వెంకటరమణ గారు మా బడికి వచ్చారు. వంటపాక దగ్గర నిలబడి మాట్లాడారు కాబట్టి నేను విన్నాను.

"నారాయణి గారూ, డిసెంబరుతో మీరు దిగిపోతారు. ఆ తరువాత ఈ పిల్లలు నిలబడతారా? తల్లిదండ్రులు ఊగిసలాడుతున్నారంటే ఇప్పుడే చెప్పండి. రెండో టీచరును ఈ నెలలోనే వేస్తాను. మీరుండగానే ఊరికి అలవాటు పడతాడు. ఇప్పుడు వద్దంటే జనవరిలోనే ఇవ్వగలను, అదీ పిల్లలుంటేనే. పిల్లలు పోయినారంటే పోస్టు పోతుంది, బడి మూతపడుతుంది. మళ్లీ తెరిపించడం నా చేతిలో ఉండదు."

"రెండు రోజులు టైమివ్వండి సార్, అడిగి చెబుతా" అన్నారు ఆవిడ.

ఆ రెండు సాయంత్రాలు బస్సు వదులుకొని ప్రతి ఇంటికీ పోయి అడిగారు. మగ్గాలు ఆపి కూర్చోబెట్టి, కాఫీలిచ్చి, అందరూ ఒకటే మాట చెప్పారు. "మా పిల్లోళ్లు యాడికీ పోరు టీచరమ్మా, మీరు దిగులు పెట్టుకోవద్దండి" అని. నారాయణి గారు అధికారికి ఫోన్ చేసి, మా బడికి ఇప్పుడు రెండో టీచరు అవసరం లేదు, కావలసిన బడికి ఇవ్వండి అన్నారు. ఆ టీచరు వేరే ఊరికి పోయారు.

డిసెంబరు 19వ తేదీ శుక్రవారం నారాయణి గారి అరవై రెండో పుట్టినరోజు. ప్రభుత్వోద్యోగికి ఆ పుట్టినరోజు ఎటువంటిదో చదివే వారికి తెలుసు. రంగరాజు గారు వచ్చారు. సూళ్లూరుపేటలో ఉద్యోగం చేస్తున్న వేదశ్రీ గారు సెలవు పెట్టి, కేకు తీసుకొని వచ్చారు. నాగులమ్మ సేమ్యా పాయసం చేసింది. పిల్లలు నూలుతో కట్టిన మాల వేశారు. "ఇంగ ఇంట్లో వంట ఈమెదేనంట. ఇన్నేళ్లు నేను వండింది తిని బతికిందని మీరంతా సాక్ష్యం చెప్పాల" అని రంగరాజు గారు అంటే అందరూ నవ్వారు. కండ్రిగ మొత్తం బడి ముంగిట్లోనే ఉంది. ఊరివాళ్లు తమ మగ్గాల మీద ప్రత్యేకంగా నేసిన చీర తెచ్చారు. మెంతి రంగు చీర, ఎర్ర అంచు. ఇద్దరు బిడ్డలను మా బడికి పంపే భానుప్రియ ఆ చీరను ఆవిడ చేతుల్లో పెట్టి, ఊరందరి తరఫున మాట్లాడింది.

"మీరు రిటైరయ్యేలోపల ఎవురూ టీసీ అడగకూడదని మేమందరం ఎప్పుడో మాట్లాడుకున్నాం టీచరమ్మా. ఒక్క బిడ్డ పోయినా మీ మనసు నొచ్చుకుంటాదని. టౌను బడోళ్లు బస్సు పంపిస్తామని ఏప్రిల్ నుంచి అడుగుతా ఉండారు. మేమే ఆగమన్నాం. జనవరి నుంచి వస్తాది. టీసీలు మీ చేతి మీదుగానే రాసియ్యండి, అదే మా పిల్లోళ్లకు దీవెన."

ఆమె మొహంలో మోసం లేదు. చాలా నాళ్లుగా దాచుకున్న మంచి కబురు చెప్పినట్టు చెప్పింది.

నారాయణి గారు చీర మడత మీద చేయి పెట్టుకొని అడిగారు. "ఎంతమంది?"

"అందరూనమ్మా."

వెనక నుంచి భానుప్రియ భర్త మునిశేఖర్ అందుకున్నాడు. "మీరు పోతా ఉంటే మేం మాత్రం ఈడుంటామా. మీతో పాటే మేమూనూ." ఆ మాటకు కూడా కొందరు నవ్వారు.

నారాయణి గారు నవ్వలేదు, కోప్పడలేదు. "కేకు కోద్దాం పాండి, పిల్లలు చూస్తా ఉండారు" అన్నారు. కోశారు. ప్రతి బిడ్డకూ తమ చేత్తో పెట్టారు. ఆ చీర భుజం మీద కప్పుకొని ఊరివాళ్లతో ఫోటో కూడా దిగారు.

నేనూ నాగులమ్మా వంటకు పక్క ఊరి నుంచి వచ్చేవాళ్లం. మాకూ ఆ విషయం ఆ రోజే తెలిసింది. అందరూ పోయిన తరువాత ఆవిడ వంటపాకలోకి వచ్చి, పీట మీద కూర్చొని, వెంకటరమణ గారికి ఫోన్ చేశారు. ఆయన మంచి మనిషి. జరిగిందంతా విన్నారు. చివరకు, "పిల్లలే లేని బడికి నేనెవరిని పంపేది నారాయణి గారూ" అన్న మాట నాకు కూడా వినబడింది.

"నిజమే సార్" అని ఆవిడ ఫోన్ పెట్టేశారు.

నాగులమ్మ గిన్నెలు తోముతూ, "ఎవురూ చెడు తలచలేదమ్మా. మీ మీద ప్రేమతోనే గదా చెప్పలేదు" అంది.

"అందుకే నోరు రావడం లేదు నాగులమ్మా. చెడు తలచి ఉంటే ఇంటి ముందు నిలబడి కొట్లాడుంటాను. జూన్‌లో ఒక్కరు, ఒకే ఒక్కరు, 'మేం పంపం' అని మొహాన చెప్పుంటే చాలు. ఆ టీచరును రానిచ్చుంటాను."

మరునాటి నుంచి ఆవిడ మళ్లీ ఇంటింటికీ పోయారు. కొందరైనా నిలబడితే అధికారిని బతిమాలవచ్చని. నేను టార్చిలైటు పట్టుకొని వెంట పోయాను. ఎక్కడా ఎవరూ కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేది. టౌను బడిలో సీట్లు ఖాయమయ్యాయని, బస్సువాడికి మాటిచ్చామని, సిగ్గుపడుతూ చెప్పారు. జెస్సీ అయితే కళ్లు తుడుచుకుంటూ, "మీరు లేని బడికి మా చిన్నబిడ్డను ఎట్టా పంపేదమ్మా, మాకు మనసొప్పదు" అంది.

"నేను లేకపోయినా బడి ఉండాలనే గదా తల్లీ ఇన్నేళ్లు ఈ బస్సులెక్కింది" అన్నారు నారాయణి గారు.  జవాబు కోసం ఆగకుండా వీధిలోకి దిగారు.  నేను టార్చి వేస్తూ ముందు నడిచాను. ఆ రాత్రి తరువాత ఇక ఏ ఇంటికీ పోలేదు.

మిగిలిన రోజుల్లో డిసెంబరు పని ఏదీ ఆపలేదు. ఉదయం పాఠం చెప్పారు. మధ్యాహ్నం చుక్కలు కట్టించారు. పిల్లలు పోయిన తరువాత టీసీలు రాశారు. ముత్యాల్లాంటి దస్తూరి. తండ్రి పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా చించి మళ్లీ రాశారు. క్రిస్మస్ నాడు కాలనీ వాళ్లు పిలిస్తే పోయి భోజనం చేశారు. ముక్కోటికి తోరణాలు పంచారు. బయటి నుంచి చూసినవాళ్లు ఇంత సందడిగా బడి ఎన్నడూ లేదన్నారు. జనవరిలో ఈ బడి తాళం మండల కార్యాలయానికి పోతుంది. మా పొయ్యి సంగతి ఇక్కడ రాయవలసినది కాదు.

పదవీ విరమణ వ్యాసంలో పొగడాలి. ఆవిడ సహనం, సమయపాలన, పిల్లల పట్ల వాత్సల్యం, ఏ మతం వారి గడపనైనా తన గడపగా భావించిన విశాల హృదయం, ఇవన్నీ పొగడదగినవే, ఇవన్నీ నిజాలే. అయినా పొగడటానికి నా చేయి వెనకాడుతోంది. మేము ఆవిడను గౌరవించాలనుకున్నాం గానీ ఆవిడ చేసిన పనిని గౌరవించాలని మాకు తోచలేదు. ఆవిడ మనసు నొప్పించకూడదని ఊరంతా ఒక్కటైంది. బడి కోసం ఒక్కరోజైనా అట్లా ఒక్కటైనది లేదు. చదివే తల్లిదండ్రులకు ఈ మాట కష్టంగా ఉంటే, నన్నే తిట్టుకోండి. ఆవిడకు మాత్రం ఇంకో శాలువా కప్పి సర్దుకోవద్దు.

నారాయణి గారికి, రంగరాజు గారికి, వేదశ్రీ గారికి నా నమస్కారాలు. నారాయణి గారు ఏ జబ్బూ దరిచేరకుండా, చూపూ నడకా తగ్గకుండా, తన వాళ్ల మధ్య నిండుగా చాలాకాలం జీవించాలని నేనూ నాగులమ్మా మనసారా కోరుకుంటున్నాము. ఈ సంచిక చదివే ప్రతి ఒక్కరూ ఆవిడకు దీర్ఘాయుష్షు కోరుకుంటారని నాకు తెలుసు. ఆవిడ జూన్‌లో ఊరి గడపల ముందు నిలబడి అడిగింది ఆ ఆయుష్షునే, తనకు కాదు, బడికి.

మునస్వామి,
మధ్యాహ్న భోజనం వంటవాడు,
ప్రాథమిక పాఠశాల, కొత్తేటి కండ్రిగ