కాదనకూడని మజ్జిగ

పొద్దున్న ఎనిమిది కావస్తోంది, తొలకరి వాన ఇప్పుడే తెరిపిచ్చింది. ఈ బురదలో కాలవగట్టు మీద నడిచొచ్చేరంటే పెద్ద పనే ఉండుంటుంది. కూర్చోండి కేశవరావుగారూ. హెల్తు ఇనస్పెక్టరు మా అరుగెక్కడం మాటలా?

ఆయ్, మా అమ్మాయి వీరవేణి లోపలే ఉంది. మీరు పిలిచినా లేచే ఓపిక లేదు లెండి.

ఏమిటీ, ఊళ్ళకి జాగ్రత్తలు చెప్పడానికి రెండో జట్టు కడుతున్నారా? ముమ్మిడివరం వైపూ కలరా తగిలిందా? ఆడపిల్లల్ని పంపమని తల్లులకి నేను చెప్పాలా? నేనయితే నమ్ముతారనా. బాగుందండి.

మొదటి జట్టుకి అమలాపురంలో వారం రోజులు పాఠాలు చెప్పేరు కదా. రోజూ మా అమ్మాయి నాకు అప్పజెప్పేది. నీళ్ళు కాచి తాగమనాలి. ఈగ వాలింది తిననివ్వకూడదు. జనాన్ని కసరకూడదు, భయపెట్టకూడదు. చాప వేస్తే కూర్చోవాలి, ఇచ్చింది పుచ్చుకోవాలి. కాదంటే నొచ్చుకుంటారు, నొచ్చుకున్నవాళ్ళు మాట వినరు. ఎంత చక్కటి పాఠమండీ. మన కోనసీమ మర్యాదంతా అందులోనే ఉంది.

పిల్లలూ అలాగే చేసేరు. పడవెక్కి లంకలకెళ్ళి, పేరంటానికి పిలిచినట్టు గడపగడపా ఎక్కేరు. ఎండనపడి వచ్చిన పిల్లకి మజ్జిగివ్వకుండా పంపే ఇల్లు ఈ లంకల్లో ఉందా? కాలవ నీళ్ళు కలిపిన మజ్జిగ. ఒక చేత గ్లాసు, ఒక చేత మీరిచ్చిన బొమ్మల అట్ట. తాగుతూనే చెప్పేరు, పచ్చినీళ్ళు తాగొద్దని.

జనం విన్నారు కూడాను. ఇప్పుడక్కడ వీధి వీధంతా నీళ్ళు కాస్తోంది. పైవాళ్ళకి రాసుకోండి. ఆంధ్ర రాష్ట్రం కొత్తది, మెప్పూ కొత్తగా వస్తుంది.

పిల్లలకి ముందే కలరా సూదిమందు వేసేం కదా అంటారా? అదే చాలితే కాచిన నీళ్ళ పాఠం దేనికండీ.

దాహంగా ఉన్నట్టుంది మీకు. ఇదిగో, మజ్జిగ.

అదేమిటి, గ్లాసుకేసి అలా చూస్తారు? కాదంటే నేను నొచ్చుకోనూ?

తాగండి, కాచిన నీళ్ళే. ఆసుపత్రిలో స్పృహొచ్చేక మా పిల్ల అడిగిన మొదటి మాట అది. నీళ్ళు కాచేవా అమ్మా, అని. దాని పెదవులు కదలడం చూసి తెలుసుకున్నాను.

తల్లులకి చెబుతాను లెండి. పంపమనే చెబుతాను. పంపకపోతే ఆ ఊళ్ళవాళ్ళకెవరు చెబుతారు? ఆ పాఠం మాత్రం మార్చండి. కాచిన నీళ్ళు ఇంటినించే తీసికెళ్ళమనండి. ఎవరేం ఇచ్చినా చెయ్యి చాపొద్దనండి. పొగరుబోతులంటే అననివ్వండి.

పడవెక్కినవాళ్ళు నలుగురు. మరియమ్మ తిరిగొచ్చింది. కామాక్షి వచ్చింది, ఇంకా గోడ పట్టుకునే నడుస్తోంది. మాదీ వచ్చింది. బుల్లెమ్మ రాలేదు. ఆసుపత్రి నించి అటే తీసుకుపోయేరు.

బుల్లెమ్మ తల్లి వీరాయమ్మగారిల్లు ఎదురుగుండా అదే. వెళ్ళి పలకరించండి. ఆవిడా మీకు మజ్జిగిస్తుంది. కాదనకండి.