రెండు సగాల అంబాసిడర్

దీవెనా, ఆరోనూ, ఈ కథ మీరు ఎప్పుడూ వినలేదు. మీరు పుట్టిందీ పెరుగుతున్నదీ ఇక్కడ జామ్‌నగర్‌లో కాబట్టి చెప్పేవాళ్లు లేకపోయారు. నేనూ చెప్పలేదు. ఇందులో అబద్ధాలు చాలా ఉన్నాయి, వాటిని మీరు నిజమనుకుంటారేమోనని ఒక భయం. నిజాన్ని కూడా వాటితో కలిపి కొట్టిపారేస్తారేమోనని ఇంకో భయం. అందుకని ముందే చెబుతున్నాను. ప్లాస్టిక్ ఎండకు మెత్తబడుతుందే తప్ప సంజీవరావు మామ చెప్పినట్టు అవదు. దయచేసి బాల్కనీలో ప్రయత్నించి చూడకండి.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒకప్పుడు చిన్న ప్లాస్టిక్ ఫ్యాక్టరీ ఉండేది. దాంట్లో అంబాసిడర్ కారు కిట్టు తయారయ్యేది. కిట్టు అంటే తయారైన బొమ్మ కాదు. డబ్బాలో ముక్కలుంటాయి, వాటిని కోసి, గమ్ముతో అంటించి, రంగు వేసుకోవాలి. మామూలుగా ఇలాంటి కిట్లలో కారు పైభాగమంతా ఒకే ముక్కగా వస్తుంది. వీళ్లు మాత్రం డై, అంటే ముక్కలు పోసే అచ్చు, చవకగా చేయించడంతో ముక్కు నుంచి డిక్కీ దాకా నిలువునా రెండు సగాలు వచ్చేవి, కుడిది ఒకటి, ఎడమది ఒకటి. వాటిని కలిపి, గమ్ము ఆరేదాకా కదలకుండా పట్టుకోవాలి. రబ్బరు బ్యాండు వేస్తే గుండ్రటి టాపు మీద నిలవదు. టేపు వేస్తే గమ్ము దాని కిందికి పాకి ప్లాస్టిక్‌ని తినేస్తుంది. ఒకరు రెండు చేతులా పట్టుకుంటే ఇంకొకరు లోపలివైపు నుంచి గమ్ము రాయాలి. అందుకే ఫ్యాక్టరీ వెనక ఇళ్లలో ఎవరు డబ్బా తెరిచినా పక్కింటివాళ్లని కేకేసేవారు. "పట్టుడుకు రా" అనేవారు. పట్టుడుకు వచ్చినవాళ్లకు చాయ్ ఇవ్వాలి, అది ఆనవాయితీ.

ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్లయింది. నిరుడు చర్లపల్లిలో ఒకాయన ఆ డైని పాత సామాన్లలో కొని, కిట్టు మళ్లీ విడుదల చేస్తానన్నాడు. మీ బెంజమిన్ చిన్నాన్న నడిపే బొమ్మకార్ల గ్రూపుని సలహా అడిగాడు. పాతది ఉన్నట్టే వదలాలా, డై మార్పించి పైభాగాన్ని ఒక్క ముక్క చేయాలా? ఫలానా ఆదివారం సాయంత్రానికి జవాబు కావాలన్నాడు. నాచారంలో పెద్దమ్మ జ్ఞాపకార్థ కూటానికి నేను ఒంటరిగా వెళ్లింది ఆ ఆదివారమే. చర్చి వదిలాక అందరం కనకరాజు చాయ్ బండి దగ్గర చేరాం.

"ఒక్క ముక్కే చెయ్యమందాం," అన్నాడు బెంజమిన్. "ఆ రెండు సగాలు కలిసే కాడ గీత పూడ్చలేక సచ్చినం. పుట్టీ పెట్టు, రుద్దు, మల్ల పుట్టీ పెట్టు, మల్ల రుద్దు. ఇప్పటి పిల్లగాండ్లు గా డబ్బా తెరిచి చూస్తే దండం పెట్టి మూస్తరు."

"గీత తీసేస్తే అది మన అంబాసిడర్ ఎట్లయితది?" అంది దోర్కా. ఆమె ఉప్పల్‌లో పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది, గ్రూపులో అందరికంటే సన్నని పని ఆమెదే. "కొత్త కారు చేసుకోండి, కొత్త పేరు పెట్టుకోండి, ఎవరొద్దన్నరు? పాతది కావాలంటే దాని వంకరతోటే కావాలె. మా దగ్గర ముసలోళ్లు సెట్టు చేపిచ్చుకుంటే, ముందు పన్ను జర వంకర పెట్టమ్మా, లేకుంటే ఇంట్ల గుర్తువట్టరు అంటరు."

"పాత డబ్బాలు దాసుకున్నోళ్లయితే అసలు విడుదలే వద్దంటున్నరు," అన్నాడు బెంజమిన్. "వాళ్ల గొప్ప తగ్గుతదని ఫికర్."

"బొమ్మకు గింత లొల్లా? చాయ్ సల్లగైతుంది," అన్నాడు కనకరాజు.

అప్పటిదాకా బెంచీ చివర కూర్చున్న సంజీవరావు మామ గ్లాసు పక్కన పెట్టాడు. నాకు మామ వరస, మీకు తాత అవుతాడు. ఆ ఫ్యాక్టరీ ప్యాకింగ్‌లో చేసినవాడు. సారమ్మత్త పోయినప్పటి నుంచి నాచారంలో ఒక్కడే ఉంటున్నాడు.

"రెండు సగాలే ఉండాలె," అన్నాడు. "డై మీద చెయ్యేస్తే నేనూకోను. ఏంది మీకు కష్టం? నేనొక్కణ్నే చేసిన ఆ కారు. ఒక్కణ్నే!"

"మొదలైంది," అన్నాడు కనకరాజు, స్టవ్వు తగ్గిస్తూ.

"జర ఇను అల్లుడా," అని మామ నావైపు తిరిగాడు, "ఈళ్లకు తెల్వది, నువ్వు దూరంల ఉంటవ్ గనక నీకసలే తెల్వది. ఆ దినం డ్యూటీ దిగొచ్చిన, స్టవ్వు మీద పాలు పెట్టిన, డబ్బా తెరిచిన, గోర్లు తీసే కట్టర్‌తోటి ముక్కలన్ని టకటక కోసిన, గమ్ము రాసిన, ఈ సగం, ఆ సగం, ఇట్ల కలిపిన, పాలింక పొంగలే, కారు తయారు. గీత ఏడున్నదని ఫోర్‌మన్ భూతద్దం పెట్టి ఎతికిండు, దొరకలే. చీమ ఒకటి గీత పట్టుకొని నడుద్దామని వచ్చి, తొవ్వ దొరకక ఎనుకకు మర్లింది."

"చీమ ఎటు పోయిందో కూడ చూసినవా మామా?"

"నేనే సాగనంపిన. అది కాదు ముచ్చట. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నలుగురికి చూపెడ్దామని అరచేతిల పెట్టుకొని ఉప్పల్ దాక నడుసుకుంట పోయిన. చౌరస్తాల ట్రాఫిక్ పోలీసాయన సీటీ కొట్టిండు. బండి సైడుకు పెట్టు, నంబర్ ప్లేటేది అన్నడు. బొమ్మ సార్ అన్న. గింత నీటుగున్నది బొమ్మెట్లయితది, నన్ను పాగల్‌గాన్ని చేస్తున్నవా, కాగితాలు తియ్యి అన్నడు. నా దగ్గరేం కాగితాలుంటయ్, డబ్బా మీది బొమ్మ చూపెట్టిన. ఆయన నమ్మలే, క్రేన్ పిలిచిండు. బంపర్‌కు కొక్కెం తగిలిచ్చిన్రు, లాగిన్రు. కారు కదలలే. క్రేన్ ముంగటికి వంగి రోడ్డుకు ముక్కు తాకిచ్చింది."

"కారు నీ అరచేతిల ఉండె గద? చెయ్యి ఏం కాలేదా?" అడిగాడు కనకరాజు.

"చెయ్యి నాది గదరా," అన్నాడు మామ, అదే జవాబన్నట్టు. "అసలు సంగతి ఇను. మే నెల. ఉప్పల్ ఎండ మీకు తెల్సు. ప్లాస్టిక్ ఎండకు ఏమైతది?"

"మెత్తగైతది," అంది దోర్కా.

"నాసిరకందైతే మెత్తగైతది బిడ్డా. మాది ఉబ్బుతది. చూస్తుండంగనే చేతిల కర్బూజంతైంది, కింద పెట్టిన, ఆటో అంతైంది, ఇంకింత ఎండ పడ్డది, అసలు అంబాసిడరైంది. తలుపు తీసిన, తెరుచుకున్నది! తాళం చెవి యాడుంటది, నోటితోటి చప్పుడు చేసిన, స్టార్టయింది. లాలాపేట్ ఫ్లైఓవర్ ఎక్కిన, కింద రైలు పోతుంది, హారన్ కొట్టిన, రైలు సైడిచ్చింది."

"రైలు సైడెట్లిస్తది మామా!" అన్నాడు బెంజమిన్. "పట్టాల మీద గదా పోయేది?"

"అదే ఆ డ్రైవర్ గొప్పతనం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఘట్‌కేసర్ దిక్కు మలిపిన. ఆడ చెట్లు లేవు, ఎండ దంచుతుంది, కారు ఉబ్బుడు ఆగలే. అద్దంల చూస్తే ఏముంది, బానెట్ ఘట్‌కేసర్ కాడున్నది, డిక్కీ ఇంక ఉప్పల్ డిపో కాడనే ఉన్నది! బ్రేకేస్తే ఎనుక టైరుకు తెల్వనీకి శానా సేపు పట్టేది. రింగురోడ్డు టోల్ గేటాయన బయటికొచ్చి, ఇది కారా, లారీనా, బిల్డింగా, ఏమని రాసుకోవాలె అన్నడు. నీ ఇష్టం తమ్మీ అన్న."

బెంజమిన్‌కి చాయ్ పొలమారింది. దోర్కా అతని వీపు తట్టింది. మామ ఆగలేదు.

"ఇగ ఆడనే ఆపిన. నీడ పడ్డదని జనం వచ్చి నిలవడ్డరు. ఒకామె అద్దం మీద కొట్టి అడిగింది, అన్నా, ఎనుక సీటు పోర్షన్ ఖాళీనేనా, నల్లా వస్తదా అని. వస్తదమ్మా అన్న. అంతే, సామాన్లు దించిన్రు. ముంగటి సీటుకు వేరే కుటుంబం. డిక్కీల నలుగురు అన్నదమ్ములు, పెండ్లాం పిల్లలతోటి. బానెట్ మీద వడియాలు పోసిన్రు. పక్క అద్దానికి తాడు కట్టి బట్టలారేసిన్రు. స్టీరింగు పట్టుకొని పిల్లలు గిరగిర తిరిగిన్రు, ఒకడు పడ్డడు, మోకాలికి పసుపు నేనే పెట్టిన. నాకు పొయ్యి ముట్టిచ్చే పనే లేకుండె. ఈ సీటు నుంచి పప్పు గిన్నె వచ్చేది, ఆ సీటు నుంచి తొక్కు వచ్చేది. గిన్నె ఖాళీగ ఎట్ల ఇద్దమని నేను ఇంత చక్కెర పోసి పంపేది. పొద్దుగూకితే డోర్ల మీద కూసోని ముచ్చట్లు. అద్దంల చూస్తే అల్లుడా, ఎంత దూరం చూసినా మనుషులే."

ఇక్కడికి వచ్చేసరికి మామ చేతులు ఊపడం మానేశాడు. కనకరాజు గ్లాసులు కడుగుతున్నవాడు కుళాయి కట్టేశాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు మామ, ఈసారి మెల్లగా.

"ఏమైంది మామా?"

"మొగులైంది. వాన పడ్డది. ప్లాస్టిక్ సల్లవడ్డది. టాపు దిగి నెత్తికి తాకుతుంటే ఒక్కొక్కరు సామాన్లు సదురుకున్నరు. పోయొస్తం అన్నా అని చెప్పిన్రు, చెప్పకుంట పోలే, మంచోళ్లే. కారు మల్ల అరచేతిలకొచ్చింది. నడుసుకుంట ఇంటికొచ్చిన. ఒక్కణ్నే." గ్లాసు తీసి చూసి, ఖాళీ అని మళ్లీ పెట్టాడు. "అందుకే చెప్తున్న. రెండు సగాలే ఉండాలె."

"మామా," అంది దోర్కా, "క్రేన్ నమ్మిన. రైలు సైడిచ్చింది అంటే నమ్మిన. డిక్కీ ఉప్పల్‌ల ఉన్నదన్నా నమ్మిన. ఒక్కటి నమ్మ. నువ్వొక్కనివే అంటిచ్చినవన్నది."

"ఎందుకు నమ్మవు?"

"రెండు చేతులు పట్టుకోనీకే వాయె. గమ్ము ఎవరు రాసిన్రు?"

"బ్రష్షు పండ్లతోటి పట్టిన."

"లోపటి నుంచి రాయాలె మామా. నా అరచెయ్యంత లేదు కారు, నీ మూతి దాంట్ల పడుతదా?"

అందరం నవ్వాం. అందరికంటే ముందు మామే నవ్వాడు, అందరికంటే ముందు ఆపిందీ మామే. కాసేపు బెంచీ అంచును బొటనవేలితో రుద్దాడు.

"సారమ్మ పట్టేది," అన్నాడు. "నేను రాసేటోణ్ని. పట్టుకున్నంతసేపు తిట్టేది. నా రెండు చేతులు దీనికే ఇస్తి, పట్టుడుకు వచ్చినదానికి చాయ్ ఎవరు పెడ్తరు అని."

"అత్త పోయినంక?" అడిగాడు బెంజమిన్.

"డబ్బా తెరవలే."

దోర్కా అడిగినందుకు నొచ్చుకున్నట్టు కనిపించింది. అయినా మెత్తగా అడిగింది: "మరి ఒక్క ముక్క చేస్తే నీకే అల్కగయితది గద మామా. ఎవరూ పట్టనవసరం లేదు."

"గదే గద బిడ్డా. ఎవరూ పట్టనవసరం లేదంటే ఇగ ఎవల్నీ పిలువనవసరం లేదు. ఇప్పుడైతే పట్టుడుకు రా అని పిలుస్త. ఒక్క ముక్కయినంక ఏమని పిలువాలె? ఊకెనే రమ్మంటే ఎవరన్న వస్తరా?"

కనకరాజు అడక్కుండానే మామ గ్లాసు నింపాడు. పట్టుడుకు నేను వస్తాను మామా అనబోయి ఆగాను. మర్నాడే నాకు చర్లపల్లిలో రైలు. ఆ బెంచీ దగ్గర అప్పటికే ఉన్న అబద్ధాలు చాలనిపించింది.

బెంజమిన్ ఆ సాయంత్రం రెండు అభిప్రాయాలూ రాసి పంపాడు. మామ మాటలు ఉన్నవున్నట్టు రాశాడు, నాకు చదివి వినిపించాడు కూడా. చర్లపల్లాయన మర్యాదగా జవాబిచ్చాడు. బాగా ఆలోచించానన్నాడు. ఒక్క ముక్కే చేయించాడు. ఆయన తప్పేం లేదు, నలుగురికీ పనికొచ్చేది చేశాడు. కిట్టు ఈ ఏడు వచ్చింది. గ్రూపు నిండా ఫొటోలే. ఎవరి బల్ల మీద వాళ్ల కారు, ఒక్కదాని మీదా గీత లేదు.

పోయిన నెల మామకి ఫోన్ చేశాను.

"కారు వచ్చిందా మామా?"

"వచ్చింది అల్లుడా. చేసిన కూడ."

"ఎట్లుంది?"

"మస్తుగున్నది. పాలు పొంగకముందే అయిపోయింది." తర్వాత ఏదో చెబుతాడని ఎదురుచూశాను. ఎండలో పెట్టానంటాడనుకున్నాను, కనీసం ఆటో అంతైనా అయిందంటాడనుకున్నాను. వెనక ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"ఒక్కణ్నే చేసిన," అన్నాడు. "ఈసారి కోతలు కావు."

పిల్లలూ, ఈ కథ మీ స్నేహితులకి చెప్పండి. గుజరాతీలో చెప్పినా సరే. క్రేనూ, రైలూ, పోర్షన్లూ మీ ఇష్టం వచ్చినంత పెంచుకోండి, మామ సంతోషిస్తాడు. సారమ్మత్త పట్టేది అన్న దగ్గరకు వచ్చాక మాత్రం ఏమీ కలపకండి, ఏమీ తీయకండి. విన్నవాళ్లకి కూడా ఆ మాట చెప్పి పంపండి.