వానకోటు లాగు

అటు గోడకేసి తిరిగి పడుకుంటే సరిపోతుందాండీ? ఆ గోడకి సున్నం వేయించమని ఏళ్ళ తరబడి మొత్తుకున్నాను, ఏనాడూ కన్నెత్తి చూళ్ళేదు. ఇవాళ దాని మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

లేవండి. అన్నం ఎలాగూ తినలేదు. భోజనాలవగానే పెద్దమనుషులు మళ్ళీ కూర్చుంటారట, మీకోసం మనిషొస్తాడు. వాడికేం చెప్పమంటారు? ఆదిశేషయ్య గారు పెళ్ళాం మీద అలిగి పడుకున్నారు, ఆ బావి ముక్క అంకారావుకే రాసిచ్చేసుకోండి అని చెప్పనా?

చెప్పగలను. నాకేం మొహమాటమా?

పాపం రావమ్మ! మొగుడు పోయి ఏడాది తిరక్కముందే మరిది అంకారావు హద్దురాళ్ళు పీకేశాడు. ఆ రాళ్ళు పాతిననాడు ఉన్నది రావమ్మ మొగుడూ, మీరూ. ఆయన లేడు. ఇక కళ్ళారా చూసినవాళ్ళు మీరొక్కరే. మీరు నోరు విప్పకపోతే బావి అంకారావుదైపోతుంది. ఆ తర్వాత ఆవిడ మామిడి చెట్లకి ఏం పోస్తుంది, కన్నీళ్ళా?

అంకారావేమో ఇంత పొడుగు బొట్టు పెట్టుకుని ప్రమాణానికి తయారుగా ఉన్నాడు. దేవుడి మీద ఒట్టేస్తాడట! అతన్ని చూస్తే దేవుడే పక్కకి తప్పుకుంటాడు.

ఏంటి? ఊఁ, తెలుసులెండి. పంచాయతీ ఆఫీసు వసారాలో, అంతమంది ముందు, కుండెడు మజ్జిగ ఒళ్ళో కుమ్మరించానని కదూ కోపం?

నవ్వారు. నవ్వరా మరి! ఎదురింటి మాణిక్యమ్మైతే కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. అది కూర వండిన రోజున దాని మొగుడు బస్సెక్కి ఎ.కొండూరు వెళ్ళి తినొస్తాడు. అదా నన్ను చూసి నవ్వేది!

మీరు మాత్రం? "కళ్ళు కనపడట్లేదా నీకు?" అని అందరి ముందూ కసిరారు. మనకి పెళ్ళయ్యాక మీరు నన్ను కసరడం అదే మొదలు. నేను తలొంచుకుని నిలబడ్డాను. దాంతో జనం ఇంకా నవ్వారు. నేను తలొంచుకోవడం వాళ్ళెప్పుడు చూశారు కనక!

చెయ్యి జారలేదండీ.

ఆఁ. ఇప్పుడు తిరిగారు ఇటు.

కావాలనే పోశాను. బెజవాడలో ఆపరేషనయ్యాక మీకు తెలియకుండానే పోతోంది కదా, ఇవాళా తెలీలేదు మీకు. మజ్జిగ పంచుకుంటూ మీ బెంచీ దగ్గరికొచ్చేసరికి, పంచె మీద తొడ పక్కన అరచెయ్యంత తడి. నా గుండె జారిందే గానీ చెయ్యి కాదు.

ఇంకా ఎవరూ చూళ్ళేదు. మీ పక్కనున్న అంకారావు లేవబోతున్నాడు. లేచాడా, చూస్తాడు. చూశాడా, ఇక హద్దురాళ్ళ మాట ఎవడిక్కావాలి? "ఉచ్చ పోసుకున్న సంగతే తెలీదు, ఈయనకి పాతికేళ్ళనాటి రాళ్ళు గుర్తున్నాయట!" అంటాడు. అంకారావు దాకా ఎందుకు, నేనే అనేదాన్ని. అంత అమరిన మాటని వదులుకుంటానా?

చేతిలో కుండ ఉంది. కుమ్మరించేశాను. మజ్జిగ తడి ఏదో, మరో తడి ఏదో విడదీసి చెప్పే మొనగాడు ఈ తిరువూరు తాలూకాలో లేడు. ఇంటికొచ్చి ఒళ్ళు కడిగితే మీకే తెలీలేదు, వాళ్ళకేం తెలుస్తుంది!

అలా చూడకండి. ఆ చూపుకన్నా గోడకేసి తిరగడమే నయం.

వానకోటు లాగు కారదన్నావుగా అంటారా? కారదు. దాని తప్పు లేదు, మీ ఒంటి తప్పు అంతకన్నా లేదు. దర్జీ బాలశౌరి ఎంత శ్రద్ధగా కుట్టాడు! మీ పాత వానకోటు కత్తిరించి కుర్చీకి తొడుగు కుట్టమని ఇచ్చాను. "నడుం కొలతున్న కుర్చీని ఇప్పుడే చూస్తున్నా పిన్నిగారూ" అన్నాడు, వెధవ. అన్నాడే గానీ బయటెక్కడా పొక్కనివ్వలేదు. సూది దిగిన చోటల్లా చిల్లే కదా, అందుకని అడుగున కుట్టు లేకుండా ఒకటే ముక్క, కుట్లన్నీ పక్కలకే. రబ్బరు పట్టీ అయితే తొడలు కోస్తుందని నేనే నాడాలు పెట్టించాను. మెత్తగా, చప్పుడు లేకుండా, పంచె కింద ఉందో లేదో తెలియకుండా అమరింది.

ఆసుపత్రిలో నర్సమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "లోపల పెట్టే పాత పంచె ముక్కల్ని సోడా వేసి ఉడకబెట్టి, ఎండలో పడెయ్యండి. పైలాగుని మాత్రం చన్నీళ్ళలో జాడించి, పిండకుండా, నీడన గాలికి ఆరెయ్యండి. ఎండా వద్దు, సెగా వద్దు, నూనె చుక్క తగలనివ్వద్దు" అని.

నీడా గాలీ రెండూ ఉన్న చోటు మనింట్లో ఎక్కడుంది? వీధి వసారాలో. అక్కడ ఆరేస్తే మాణిక్యమ్మ చూస్తుంది. దండెం మీద గుడ్డలు చూసి ఇంట్లో సంగతి చెప్పే విద్య దానికి నేర్పిందెవరు? నేను కాదూ!

పెరట్లో వేద్దామంటే ముసురు. నిన్న సాయంత్రం పొయ్యి పైన తీగె కట్టి దాని మీద వేశాను. పొద్దున చూస్తే వేళ్ళకి జిగురు జిగురుగా అంటుకుంది. అప్పుడైనా ఆగానా? పౌడరు చల్లి మీకు కట్టేశాను. ఇందాక వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే రబ్బరు పూతంతా అట్టలట్టలుగా లేచిపోయింది. జల్లెడ!

మీ పరువు కోసం దాచానని చెప్పుకోవచ్చు. చెప్పుకుంటే వినడానికి బానే ఉంటుంది. అది కాదండీ. ఊళ్ళో అందర్నీ ఆడిపోసుకునే దాని మొగుడికే ఈ గతి పట్టిందని నన్నంటారేమోనని. నా మొహం కోసం పొయ్యి మీద ఆరేసి, మిమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టాను.

తిట్టండి. మాట్లాడరా? దేశంలో ఎమర్జెన్సీ పెట్టినా నా నోటికి తాళం పడలేదు, మీకేమైందండీ?

సరే, తర్వాత తిడుదురు గానీ, ఇప్పుడేం కట్టాలో చూడండి. ఎర్ర రబ్బరు షీటుది ఉంది. అది పంచె కింద తలగడలా లేస్తుంది. పైగా దాని ఒరిపిడికి పడ్డ పుండు ఇంకా మానలేదు, వద్దు. ఇక మిగిలింది తిరునాళ్ళలో కొన్న ప్లాస్టిక్‌ది. వదులుగా ఉంటుంది, పుండుకి తగలదు, చుక్క కారదు. కాకపోతే కదిలితే చాలు, అప్పడాలు నమిలినట్టు కరకరమంటుంది.

అదా మీ భయం?

వినండి. నేను మీ బెంచీ పక్కనే కింద కూర్చుంటాను. మీరు కదిలినప్పుడల్లా అందుకుంటాను. అంకారావు కోళ్ళ సంగతుంది, మాణిక్యమ్మ పులుసు సంగతుంది, సరుక్కేం కొదవ? నేను మాట్లాడుతుంటే పక్కన లారీ పోయినా ఎవరికైనా వినపడిందా ఈ ఊళ్ళో? పెద్దమనుషులు నోర్ముయ్ అంటారు. అననీండి, కొత్తా నాకు? మీరు రాళ్ళ సంగతి చెప్పేటప్పుడు మాత్రం బొమ్మలా కూర్చోండి. ఆ నాలుగు ముక్కలూ అయ్యేదాకా నేను నోరు మూసుకుంటాను. చచ్చేంత కష్టమే, మూసుకుంటాను.

అయ్యో, తలుపు కొడుతున్నారు.

ఆఁ, వస్తున్నారయ్యా! పంచె మార్చుకుంటున్నారు! ఏంటీ? అవునయ్యా, నేనే పోశాను! కావాలంటే నీకూ పోస్తా, అక్కడే నిలబడు!

విన్నారా, ఆ చివరి వీధి దాకా పాకింది అప్పుడే. ఇదే ఇంకొకరింట్లో జరిగుంటే, ఈపాటికి టికెట్టు కొనుక్కుని మరీ విస్సన్నపేట వెళ్ళి చెప్పొచ్చేదాన్ని. మనింట్లో జరిగింది. ఏం చేస్తాం!

కాలెత్తండి. అది కాదు, ఇటుది. నా భుజం పట్టుకోండి. ఊఁ, ఇప్పుడు రెండోది.