ఓదెలు కత్తెర పెట్టిన జామచెట్టు

పాశమైలారంలో ముత్యమ్మ చాయ్ కొట్టు ఆమె పెరట్లోనే. ఆ రోజు ఎండకి బాలరాజ్ నెత్తిన తువ్వాలు కప్పుకున్నాడు, వీర్రాజు గొడుగు పట్టుకున్నాడు. ఓదెలు మాత్రం మూలనున్న నడుమెత్తు మొద్దుకి వీపు తిప్పి కూర్చున్నాడు. ఈ మధ్య అతనికి అదే అలవాటు. ఆ మొద్దు మీద చాయ్ వడకట్టే గుడ్డ ఆరుతోంది.

"మా పెరట్లో మామిడి గుబురైపోయిందండీ," అన్నాడు ఫ్యాక్టరీ ఉద్యోగానికి కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ వీర్రాజు. "కాపు అయిపోయింది. కొమ్మలు కత్తిరించే మనిషెవరైనా ఉంటే చెప్పండి."

ఓదెలుకి ప్రాణం లేచొచ్చింది. చెట్టుకి కత్తెర పెట్టడమంటే అతనికి పిచ్చి. ఊళ్లో మాత్రం ఎవరూ అతన్ని గేటు దాటనివ్వడం లేదు. ఈ మామిడొక్కటి దొరికితే మళ్లీ తలెత్తుకు తిరగొచ్చు.

"సార్, కటింగ్ అంటే ఊకె నరుకుడు కాదు. ఎండిన కొమ్మ తియ్యాలె, ఒకదానికొకటి రాసుకునే కొమ్మ తియ్యాలె, చెట్టు నడుమల ఎండ పడాలె. సుల్తాన్‌పూర్ల మా చెల్లె పెరట్ల జామచెట్టుకు గట్లనే చేసిన. పెండ, ఆవు పంచితం, బెల్లం, శెనగపిండి, గుప్పెడు మన్ను డ్రమ్ముల కలిపి, దినాం తిప్పి, ఆ జీవామృతం మొదట్ల పోసిన. కాయ ఎంతొచ్చిందనుకున్నరు? నా పిడికిలంత!"

"గంతైతే వస్తది లే," అన్నాడు బాలరాజ్.

నమ్మేశాడు! నమ్మేవాడు దొరికాక ఓదెలు నోటికి పగ్గాలుంటాయా?

"ఆ తర్వాత ఏమైందో తెల్సా? ఇంకో డ్రమ్ము పోసిన. కాయ గ్యాస్ బండంత అయింది. దింపనీకి క్రేన్ పిలిపిచ్చినం. క్రేన్ ఆయన కిరాయి వద్దు, ఒక్క ముక్క ఇయ్యుండ్రి అన్నడు. ఆ ముక్కతోని వాళ్లింట్ల పెండ్లి భోజనాలు ఎల్లిపోయినయ్!"

"మరి గింజలు?" అన్నాడు వీర్రాజు.

"పోరగాళ్లు వాటితోని క్రికెట్ ఆడిండ్రు. ఇగ మూడో డ్రమ్ముకు చెట్టుకు మస్తీ ఎక్కింది సార్. నేను కోస్తున్న, అది మొలుస్తున్నది. నిచ్చెన దిగుదామని కాలు పెట్టిన్నో లేదో, కొత్త కొమ్మ నన్ను నడుంకాడ పట్టి లేపింది! జల్దీ జల్దీ పెరిగి, ఊర్లన్నీ దాటిచ్చి, సంగారెడ్డి బస్టాండ్ల దింపింది. దిగంగనే కండక్టర్ వచ్చి టికెట్ ఏదన్నడు!"

"మీరు బస్సెక్కలేదు కదండీ?"

"గదే నేనడిగిన! ఆఖరికి ఒక కాయ ఇస్తే, మోసుకపోనీకి ఇంకో కండక్టర్‌ను పిలిచిండు."

వీర్రాజు పగలబడి నవ్వాడు. "ఆ చెట్టు ఒకసారి చూద్దామండీ."

"అదీ... రోడ్డు వెడల్పుల పోయింది సార్."

"పోనీ, మీరు కత్తెర పెట్టిన ఇంకో చెట్టు? ఒక్కటి చూపించండి చాలు, మా మామిడి మీదే."

ఓదెలు మొద్దుకి అడ్డంగా ఇంకాస్త జరిగాడు. బాలరాజ్ గ్లాసులోకి చూసి నవ్వుకున్నాడు.

"సార్, మీరు గొడుగెందుకు పట్టుకున్నరు?" అంది ముత్యమ్మ.

"ఎండ కదమ్మా."

"ఎండాకాలం మొదట్ల ఈడ కూసున్నప్పుడు పట్టుకున్నరా?"

"లేదే... అప్పుడిక్కడ జామచెట్టు నీడ ఉండేది కదమ్మా."

ముత్యమ్మ మూలకి వెళ్లి మొద్దు మీది గుడ్డ తీసింది. "గిదే ఆ జామచెట్టు. ఓదెలు కటింగ్."

వీర్రాజు నవ్వుకి చేతిలో గొడుగు ఊగిపోయింది. ఓదెలుకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మామిడి పోయింది, ఉన్న కాస్త పరువూ పోయింది.

"నీడ వచ్చేదాక నీకు చాయ్ లేదు పో," అంది ముత్యమ్మ. "ఆ డ్రమ్ము నీళ్లేవో దీనికి పొయ్యి."

ఓదెలు పక్కనే ఉన్న తన ఇంటికి పోయి జీవామృతం బకెట్ తెచ్చాడు. మొద్దు చుట్టూ పోస్తూ పోస్తూ వంగాడు.

"అక్కా! మొలకొచ్చింది!"

ఎవరూ తల తిప్పలేదు. "ఎంతున్నది? క్రేన్ పిలవాల్నా?" అన్నాడు బాలరాజ్.

ఓదెలు చేతులు అలవాటుగా రెండు పక్కలకీ చాచుకున్నాయి. మళ్లీ వంగి చూశాడు. చేతులు మెల్లగా దగ్గరికి తెచ్చి, వేలి కొన మీద బొటనవేలు పెట్టాడు.

"పెసరగింజంత," అన్నాడు.

అంత చిన్న మాట అతని నోట ముత్యమ్మ ఎన్నడూ వినలేదు. అతని కోసం చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టింది.